గాబ్లిన్లకు పట్టా ఉందా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో అమెరికాలో పుట్టింది. మరుసటి ఏడాదే వచ్చిన అనుబంధంలో 'డెక్ ఆఫ్ మెనీ థింగ్స్' అనే మాయ పేకకట్ట దానిలో చేరింది. అప్పటి నుంచి ఎందరో వీరులను, మాంత్రికులను నిలువునా ముంచిన ఆ కట్ట, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి చేతిలో పడితే ఏమవుతుందో ఆ ఆటను కనిపెట్టిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఊహించి ఉండరు. తిరుపతిలో మా మిద్దె మీద ఒక ఆదివారం సాయంత్రం ఆ ముచ్చట కూడా తీరింది.

ఈ ఆటలో ఒకరు డంజన్ మాస్టరుగా కూర్చొని కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి, తలపెట్టిన సాహసం ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకుంటారు. ఇంజనీరింగు చదువుతున్న మా చిన్నాయన కొడుకు మాకు మాస్టరు. ఇంట్లో మిగిలిపోయిన శుభలేఖలను కత్తిరించి, పూర్తి కట్టలో ఉండవలసిన 22 ముక్కలనూ వాడే తయారుచేశాడు. స్వామివారి బొమ్మ మీద కత్తెర పెడితే ఊరుకోనని అవ్వ కట్టడి చేయడంతో లోపలి కాగితాలతోనే సరిపెట్టుకున్నాడు. అందువల్ల మృత్యువును పిలిచే కపాలం ముక్కను తిప్పి చూస్తే, వెనుక 'బంధుమిత్ర సపరివార సమేతముగా విచ్చేసి' అన్న ఆహ్వానం కనిపిస్తుంది. రెండు ఇటుకల నడుమ అగరబత్తి పుల్లలను పూలదారంతో అల్లి తాళ్ల వంతెన కూడా కట్టాడు. ఆ పుల్లల వాసన ఇంకా వదలకపోవడం వల్ల మా ప్రాణాంతకమైన లోయ గుప్పున గంధం వాసన వేసేది.

లోయ లోతు అరవై అడుగులు. పడితే పది అడుగులకు ఒక ఆరు ముఖాల పాచిక చొప్పున దెబ్బ తగులుతుందని నియమం కాబట్టి, ఆరు పాచికల దెబ్బకు మా పాత్రల్లో ఏ ఒక్కటీ మిగలదు. సరిగ్గా ఆ రోజే మా నాలుగో ఆటగాడు రాలేదు. గాలికి మిద్దె మీదికి వచ్చి కూర్చున్న పెదనాయన, అతని కత్తివీరుడి కాగితాన్ని చేతిలోకి తీసుకొని, "మూడువేల ఐదువందల యాభై మెట్లు ఎక్కి కొండకు పోయొచ్చినోడికి ఈ పుల్లల వంతెన ఒక లెక్కా?" అన్నారు. వంతెన నట్టనడుమ తాడుకు వేలాడుతున్న పెట్టెను ఎవరూ ముట్టవద్దని మేము మొత్తుకుంటూ ఉండగానే ఆయన దాన్ని తెరిచారు. లోపల మాయకట్ట ఉంది.

ఎన్ని ముక్కలు తీస్తారో ముందే చెప్పాలని మాస్టరు హెచ్చరించాడు. చెప్పినన్ని తీయకుండా గంట దాటితే, మిగిలినవి కట్టలోనుంచి వాటంతట అవే ఎగిరివచ్చి ఫలిస్తాయి. పెదనాయన మూడు అన్నారు.

మొదటిది సింహాసనం. ఒక చిన్న కోటకు ఆయన న్యాయమైన యజమాని అయ్యారు, కానీ ప్రస్తుతం అందులో రాక్షసులున్నారు, వాళ్లను వెళ్లగొట్టిన తరువాతే అది తనదని చెప్పుకోవాలి. ఆ రాక్షసులు గాబ్లిన్లనే పొట్టి జాతివాళ్లని మాస్టరు వివరించాడు. మేమైతే కత్తులు దూసేవాళ్లం. పెదనాయన కళ్లద్దాలు పెట్టుకొని, "వాళ్ల దగ్గర పట్టా ఉండాదా?" అని అడిగారు. లేదని తేలాక కోటకు చెక్కుబందీ చెప్పమన్నారు. తూర్పున ఊబి, పడమర అడవి, ఉత్తరాన వాగు అంటూ మాస్టరు తడుముకుంటూ చెబుతుంటే, ఆయన నా క్యారెక్టరు కాగితం వెనుక రాసుకున్నారు. దక్షిణం హద్దు మాస్టరుకు తట్టలేదు. "హద్దు తెలీకుండానే నాకు కోట ఇచ్చినావా అబ్బోడా?" అన్న ప్రశ్నకు, ఎంతో మంది డ్రాగన్లను ఆడించిన మా తమ్ముడు తల దించుకున్నాడు.

రెండో ముక్క సర్వనాశనం. మాయావస్తువులు తప్ప ఉన్న ఆస్తంతా పోతుంది, భూములూ భవనాలూ పోతాయి, వాటిని తనవని రుజువు చేసే పత్రాలు సైతం మాయమవుతాయి. మామూలు ఆటగాడైతే ఇక్కడ తల పట్టుకుంటాడు. పెదనాయన ముఖం మాత్రం ఒక్కసారిగా వెలిగింది. ఆయన ఉద్యోగజీవితమంతా మాయమైన పత్రాల మధ్యనే గడిచింది మరి.

"పత్రం పోతే ఏమాయె? రిజిస్ట్రారాఫీసులో సర్టిఫైడు కాపీ తీసుకుంటాం. ఈసీ ఉండాది, అడంగలు ఉండాది" అని మొదలుపెట్టారు. మాయ వల్ల అవి కూడా పోయాయని మాస్టరు అన్నాడు. అప్పుడు ఆయన అసలు అస్త్రం తీశారు. రాక్షసులను వెళ్లగొట్టిన తరువాతే కోట నీదని మొదటి ముక్క చెబుతోంది. వాళ్లు ఇంకా లోపలే ఉన్నారు. కాబట్టి కోట ఇంకా తనది కానే కాదు. తనది కాని కోట సర్వనాశనంలో ఎలా పోతుంది? నిష్పాక్షికంగా చెప్పాలంటే ఈ వాదన చాలా గట్టిది. న్యాయమైన యజమాని అన్న మాట అందులోనే ఉందని మాస్టరు ఎదురు తిరిగితే, "గాబ్లిన్లు దిగి పన్నెండేళ్లయిందా? అయితే వాళ్లకు ప్రతికూల స్వాధీనం హక్కు వచ్చేస్తాది, తేదీ చెప్పు" అని నిలదీశారు. ఆ తేదీ గైగాక్స్‌కు కూడా తెలియదు.

ఈలోగా మేము ముగ్గురం వంతెన మీదే ఉన్నాం. తాళ్లు తెగుతున్నాయని గుర్తు చేస్తే, తగాదా తేలేదాకా యథాతథ స్థితి పాటించాలని పెదనాయన ఆదేశించారు. పెద్దమ్మ కాఫీ తెచ్చింది, గ్లాసులు తీసుకుపోయింది, మళ్లీ వచ్చి భోజనానికి పిలిచింది. గంట ఎప్పుడో దాటిపోయింది.

అంతలో కొండవైపు నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. చాప మీది మాయకట్ట నియమంలో రాసి ఉన్నట్టే తనంతట తాను ఎగిరింది. నాలుగైదు ముక్కలు పక్కింటి పెరట్లో పడ్డాయి. వాళ్ల కోడలు కపాలం బొమ్మను చూసి, చేతితో ముట్టకుండా చేటలోకి ఊడ్చి, పసుపునీళ్లు చల్లి మరీ గోడ మీదుగా అందించి, "ఇదేం శుభలేఖ అన్నా?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోగా వెనుకవైపు ఆహ్వానం చదివి, మా ఇంట్లో పెళ్లి ఎవరికని ఆరా తీయసాగింది.

ఒక ముక్క మాత్రం పెదనాయన పంచె మడతలో చిక్కుకుంది. ఎగిరివచ్చి మనిషిని తాకింది గనుక అదే మూడో ముక్క అని మాస్టరు తీర్పు చెప్పాడు. తీసి చూస్తే అది విధి. జరిగిన సంఘటనల్లో ఏదో ఒకదాన్ని అసలు జరగనట్టు చెరిపేసే శక్తి దానికి ఉంది. కట్ట తెరిచిన సంగతినే చెరిపేస్తే అందరం హాయిగా వంతెన దాటుతామని మేమంతా ఆయనను బతిమాలాం. వెంటనే వాడాలా అని ఆయన అడిగారు. అక్కర్లేదు, చనిపోయేలోగా ఎప్పుడైనా వాడుకోవచ్చని మాస్టరు నిజం చెప్పేశాడు.

"అయితే దీన్ని అప్పీలుకు పెట్టుకుంటా" అని పెదనాయన ముక్కను జేబులో వేసుకొని భోజనానికి దిగారు.

తరువాతి ఆదివారం ఆయన అట్టఫైలుతో వచ్చారు. గాబ్లిన్ల తరఫున కౌంటరు వేయడానికి మాస్టరు రెండు వారాల వాయిదా అడిగితే, ఒక్క వారమే ఇచ్చారు.