గ్రీన్‌స్టెడ్ చర్చి పాతదే, కానీ 845 నాటిది కాదు

ఇంగ్లండ్‌లో ఎసెక్స్ ప్రాంతపు గ్రీన్‌స్టెడ్ చర్చి ఫోటో కింద ఈ ముక్కలు పెట్టి తెగ ఫార్వర్డ్ చేస్తున్నారు: ప్రపంచంలోకెల్లా పాత చెక్క కట్టడం, క్రీ.శ. 845లో కట్టారు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు, గోడలోని కంతలోంచి కుష్ఠురోగులు ప్రార్థన చూసేవాళ్లు.

ముందు 845 సంగతి. 1960లో కర్రలో ఏడాదికొకటి చొప్పున పడే వలయాలు లెక్కపెట్టి చెప్పిన తేదీ అది. 1995లో మళ్లీ పరీక్షిస్తే, మిగిలిన వలయాల్లో చివరిది 1053 నాటిదని తేలింది. బెరడు కింద ఉండే లేత కర్ర ఎప్పుడో పోయి చేవ మాత్రమే మిగిలింది కాబట్టి, పోయిన వలయాలను అంచనా కట్టి కలిపితే ఆ చెట్లు నరికింది 1063, 1108 మధ్య. అంటే రెండు వందల ఏళ్లకు పైగా తేడా! అదే స్థలంలో తవ్వితే ఇంకా పాత చెక్క కట్టడాల జాడలు దొరికాయి, నిజమే, కానీ స్థలం వయసు తెచ్చి గోడకు అంటగడితే ఎలా?

ప్రపంచంలోకెల్లా పాతదా? జపాన్‌లోని హోర్యూజీ బౌద్ధాలయం దీనికంటే కొన్ని శతాబ్దాలు ముందుది. ఆ మాట అక్కడితో సరి.

నాకు బాగా కోపం తెప్పించేది చెక్కుచెదరలేదన్న మాట. అసలు పాతది నడిమి హాలు గోడలే. ఓక్ దుంగలను నిలువునా చీల్చి, గుండ్రటి వైపు బయటికి, చదును వైపు లోపలికి పెట్టి, గాలీ వానా దూరకుండా దుంగకూ దుంగకూ మధ్య సన్నటి బద్దలు బిగించారు. అంత పనితనం ఉన్నా నేల తేమకు అడుగు భాగం కుళ్లిపోతే, 1848లో కుళ్లినంత మేర కోసేసి, ఇటుక గట్టు కట్టి దాని మీద నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్ల వల్లే ఈ గోడలు ఇవాళ ఉన్నాయి, వాళ్ల ఊసే లేకుండా చేయడం అన్యాయం. పీఠం ఉన్న భాగం 1500 ప్రాంతంలో ఇటుకతో కట్టింది. తెల్ల చెక్కల గోపురం కూడా తర్వాతదే, అందులో గంట మీద 1618 అని ఉంది.

ఇక కుష్ఠురోగుల కథ. ఆ రోజుల్లో వాళ్లను చాలావరకు జనానికి దూరంగానే ఉంచేవాళ్లు, చర్చి గోడ దాకా వచ్చి నిలబడనిస్తారా? ఆ కంత, గుమ్మం దగ్గర వచ్చేవాళ్లు వేలు ముంచుకోవడానికి పవిత్రజలం పెట్టిన గూడు అయి ఉంటుందన్నదే ఎక్కువ నమ్మదగ్గ మాట.