ఎలుగుబంటి పొరుగున కాపురం

(చెన్నై, టి. నగర్. మామయ్యగారి ఇంటి వరండా. హెల్సింకీలో ఆరు నెలలు ప్రాజెక్టు చేసి వచ్చిన మేనకోడలు. ఇద్దరి మధ్యా ఫిల్టర్ కాఫీ. 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండు, అమెరికా-యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో చేరింది కదా, అది ఒప్పా తప్పా అని తగువు.)

మామయ్య: రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు పెట్టుకుని నాటోలో చేరడమంటే కొరివితో తల గోక్కోవడమే అమ్మాయ్. 1948లో మాస్కోతో ఒప్పందం రాసుకుని, ఏ కూటమి గొడవా లేకుండా అన్నేళ్లూ హాయిగా ఉన్నారుగా?

మేనకోడలు: హాయిగానా? పక్కవాడికి ఎక్కడ కోపమొస్తుందోనని పత్రికలు కూడా నోరు కట్టుకుని రాసేవి. 1939 సంగతి తీయండి. స్టాలిన్ ఎస్టోనియాని సైనిక స్థావరాలకి చోటడిగాడు. ఇచ్చేస్తే పోతుందిలే అని ఇచ్చారు. ఏడాది తిరక్కుండా దేశమే పోయింది. మళ్లీ 1991 దాకా దక్కలేదు. ఫిన్లాండునీ భూమి అడిగాడు. కుదరదన్నారు. 105 రోజులు పోరాడారు.

మామయ్య: పోరాడి ఏం బావుకున్నారు? పదో వంతు నేల పోయింది. అలా పోయిన కరేలియా ప్రాంతం నుంచి నాలుగు లక్షల మంది మూటాముల్లే సర్దుకున్నారు.

మేనకోడలు: దేశం మిగిలింది మామయ్యా.

మామయ్య: మిగిలింది, కాదనను. కానీ దాదాపు ఒంటరిగానే నిలబడ్డారు, గమనించావా? ఇంకోడి మాట నమ్ముకుని కాదు. జార్జియాని చూడు. 2008 ఏప్రిల్లో బుకారెస్టులో 'మిమ్మల్ని ఎప్పటికైనా చేర్చుకుంటాం' అంది నాటో. ఆగస్టులో రష్యా ట్యాంకులు దిగాయి. మాటిచ్చినవాళ్లు ఒక్కరూ సైన్యం పంపలేదు.

మేనకోడలు: తాంబూలాలు పుచ్చుకుని తాళి కట్టకపోతే అంతే మరి! ఉక్రెయినూ 1994లో అణ్వాయుధాలు వదులుకుని బుడాపెస్టు నుంచి, తన సరిహద్దుల జోలికి రామని సంతకాలు పెట్టిన కాగితం తెచ్చుకుంది. ఆ సంతకం పెట్టిన రష్యానే 2014లో క్రిమియా లాక్కుంది. 2022 ఫిబ్రవరి 24 చూశాక ఫిన్లాండు మూడు నెలలు కూడా ఆగలేదు. మే 18న దరఖాస్తు ఇచ్చేసింది.

మామయ్య: గొడుగు కింద ఉంటే తడవమనేగా నీ ధీమా? 1914లో మన మద్రాసు బ్రిటిషు సామ్రాజ్యం గొడుగు కిందే ఉంది. సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే ఒక్క జర్మన్ ఓడ వచ్చి, హార్బరు దగ్గర నూనె ట్యాంకులు తగలబెట్టి, దర్జాగా వెళ్లిపోయింది. హైకోర్టు గోడకి ఆ ఫలకం ఇంకా ఉంది. ఎవరాపారు?

(ఇక్కడ మామయ్య గెలిచాడనే నా లెక్క. మేనకోడలు కప్పు కింద పెట్టి కాసేపు వీధిలోకి చూసింది.)

మేనకోడలు: అందుకే వాళ్లు గొడుగు దొరికింది కదాని ఇంటికప్పు పీకేసుకోలేదు. మగపిల్లలకి సైనిక శిక్షణ ఇప్పటికీ తప్పనిసరే. నేను ఆదివారాలు ఈతకి వెళ్లే కొలను ఎక్కడుందో తెలుసా? కొండరాతిని తొలిచి, భూమి లోపల. మెట్లు దిగుతూ పోతే క్లోరిన్ వాసన, పిల్లల కేకలు. యుద్ధమొస్తే ఆ నీళ్లు తీసేసి వేలమందిని లోపల దాచుతారు. 72 గంటల్లో సిద్ధం చెయ్యాలని రూలు.

మామయ్య: 72 గంటలా! మన సెల్లార్లో వాననీళ్లు తోడించడానికే అసోసియేషన్‌కి తొమ్మిది రోజులు పట్టిందే!

మేనకోడలు: మోటారు మీరే అద్దెకి తెస్తానన్నారట, అత్తయ్య చెప్పింది.

మామయ్య: ...కాఫీ చల్లారిపోతోంది, తాగు.