యాభై మీటర్ల మాహాత్మ్యం

పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకుంటారనీ, దూరంగా కూర్చున్నవాళ్ళు అంతగా మాట్లాడుకోరనీ రుజువు చేయడానికి మానవజాతికి 1977వ సంవత్సరం దాకా పట్టింది. ఆ ఏడాది వెలువడిన తన పుస్తకంలో ఎంఐటీ ఆచార్యుడు థామస్ అలెన్, పరిశోధనశాలల్లో ఇంజనీర్ల బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వాళ్ళ పని కబుర్లు సర్రున పడిపోతాయనీ, దూరం యాభై మీటర్లు దాటితే వారానికి ఒక్కసారైనా మాట్లాడుకునే అవకాశం దాదాపు అడుగంటుతుందనీ ఒక వక్రరేఖ గీసి చూపించారు. రచ్చబండ మీద కూర్చుని ఊరి వ్యవహారాలన్నీ తేల్చిన మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. వాళ్ళు దాన్ని గ్రాఫులో పెట్టలేదు, అంతే.

గ్రాఫులో పెట్టిన సత్యాన్ని పవర్‌పాయింట్‌లో చూపించవచ్చు, చూపించిన తర్వాత దాని మీద సర్క్యులర్ ఇవ్వవచ్చు. మా కంపెనీ అదే చేసింది. ఒక శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు, అందరూ లాప్‌టాప్‌లు మూస్తున్న వేళ, వచ్చే నెల నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావలసిందేనని మెయిల్ వచ్చింది. అందులో ‘సహకారం’ అనే మాట తొమ్మిది సార్లు కనిపించింది. ‘జీతం’ అనే మాట ఒక్కసారే వచ్చినా, ‘కోత’ అనే మాటకు ఆనుకుని కూర్చోవడం వల్ల, ఆ రెండింటి మధ్య సహకారం మాత్రం అందరికీ వెంటనే అర్థమైంది.

ఈ విధానాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే అలెన్ గారు మనిషికీ మనిషికీ మధ్య దూరాన్ని కొలిచారు, మా యాజమాన్యం మనిషికీ గేటుకీ మధ్య దూరాన్ని కొలుస్తున్నది. ఇది శాస్త్రంలో వచ్చిన పురోగతి అని నా అభిప్రాయం. మనుషుల మధ్య ఏం జరుగుతున్నదో కొలవడం కష్టం. గేటు దగ్గర ఐడీ కార్డు ఆనించగానే పచ్చ దీపం వెలగడం చాలా తేలిక. ఆ దీపం వెలిగిన క్షణం నుంచి, తిరిగి బయటకు వెళ్తూ కార్డు ఆనించే క్షణం వరకు, నేను సహకరిస్తున్నట్టే లెక్క. కుర్చీలో కునుకు తీసినా సహకారమే.

నేను ఉండేది వనస్థలిపురంలో, సహకరించవలసింది నానక్‌రామ్‌గూడలో. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఒక తొడ మీద బ్యాగు, మరో తొడ మీద పక్కవాడి బ్యాగు పెట్టుకుని చేరేసరికి దాదాపు రెండు గంటలు. భౌతిక సాన్నిధ్యమే ఆవిష్కరణకు మూలమైతే, ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేట ప్లాట్‌ఫాం మీద ప్రపంచంలోకెల్లా గొప్ప ఆవిష్కరణలు పుట్టాలి. అక్కడ మనిషికీ మనిషికీ మధ్య యాభై మీటర్లు కాదు, యాభై మిల్లీమీటర్లు కూడా ఉండవు. ఇన్నేళ్ళుగా అక్కడ నేను విన్న వృత్తిపరమైన సలహా ‘కొంచెం లోపలికి జరగండి’ అన్నది ఒక్కటే.

ఆఫీసులో నాకంటూ ఒక కుర్చీ లేదు. ముందు రోజు రాత్రి పన్నెండింటికి యాప్ తెరుచుకోగానే తత్కాల్ టికెట్టు కొట్టినంత చురుగ్గా సీటు పట్టుకోవాలి. మొన్న మంగళవారం ఆరో అంతస్తులో దొరికింది. ఎడమ పక్కన బీమా క్లెయిముల ప్రాజెక్టు, కుడి పక్కన ఏదో బ్యాంకు ప్రాజెక్టు. మా టీములో ఎనిమిది మందిమి: ముగ్గురు పుణెలో, ఇద్దరు చెన్నైలో, మేనేజర్ డల్లాస్‌లో, మిగిలిన ఇద్దరం, అంటే నేనూ, నిరుడు కాలేజీ నుంచి నేరుగా వచ్చి చేరిన ఒక అమ్మాయీ, హైదరాబాదులో. ఆ అమ్మాయికి నాలుగు వరుసల అవతల సీటు వచ్చింది. అందరూ కాల్‌లో ఉన్నప్పుడు ఆమె అడిగిన సందేహం మొదట గాలిలోంచి నా చెవికి చేరింది. అర క్షణం తర్వాత, ఏ దేశంలోని సర్వర్‌ను చూసి వచ్చిందో తెలియదు గాని, అదే సందేహం హెడ్‌సెట్‌లో వినిపించింది. ఒకే ప్రశ్నను రెండుసార్లు వినగలగడం ఇంట్లో కూర్చున్నవాడికి దక్కని భాగ్యం. నేను చెప్పిన జవాబు కూడా ఆమెకు రెండుసార్లు అందే ఉండాలి. ఆ సమయంలో నేను మ్యూట్‌లో ఉన్నందువల్ల ఒక్కసారే అందిందని తర్వాత తెలిసింది.

సాన్నిధ్యం వల్ల ప్రయోజనం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను గమనించిన ఆర్థికవేత్తలు, టీము మొత్తం ఒకే భవనంలో ఉన్నప్పుడు ఒకరి కోడ్ మీద ఒకరు రాసే వ్యాఖ్యలు పెరుగుతాయనీ, కొత్తగా చేరినవాళ్ళు దానివల్ల ఎక్కువ నేర్చుకుంటారనీ, నేర్పే సీనియర్ల సొంత పని మాత్రం ఆ మేరకు కుంటుపడుతుందనీ తేల్చారు. అయితే టీములో ఒక్కరు వేరే భవనంలో ఉన్నా సరే, ఒకే చోట ఉన్నవాళ్ళ మధ్య కూడా ఆ ఇచ్చిపుచ్చుకోవడం తగ్గిపోతుందట. ఒక్కరికే ఇంత నష్టమైతే, ఎనిమిది మందిని నాలుగు ఊళ్ళలో పరిచి, ఆ నాలుగు ఊళ్ళలోనూ విడివిడిగా ఆఫీసుకు రప్పించిన మా యాజమాన్యం ఏ స్థాయి ఫలితాన్ని ఆశిస్తున్నదో ఊహించడానికి నా చదువు చాలదు.

చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో జరిగిన ప్రయోగాన్ని కొందరు అదే పనిగా ఉదాహరిస్తూ ఉంటారు. 2015లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం ఇంటి నుంచి పనిచేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది. నిజమే. కానీ పనితీరు సమానంగా ఉన్నవాళ్ళను పోల్చి చూస్తే, ఇంట్లో ఉన్నవాళ్ళకు ప్రమోషన్లు తగ్గాయని కూడా అందులోనే ఉంది. గుడికి రాకుండా ప్రసాదం ఇంటికి పంపమంటే పూజారి మాత్రం ఎలా పంపుతాడు?

గోడలు అడ్డు వస్తున్నాయని గోడలు తీసేసిన కంపెనీల కథ మరీ ముచ్చటైనది. 2018లో హార్వర్డ్ పరిశోధకులు రెండు పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో, క్యూబికల్‌లు తీసి అంతా ఒకే హాలుగా మార్చక ముందూ మార్చిన తర్వాతా, ఉద్యోగుల ఒంటి మీద సెన్సర్లు పెట్టి చూశారు. ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గాయి, మెయిళ్ళూ మెసేజీలూ పెరిగాయి. చుట్టూ అరవై మంది చూస్తుండగా పక్కవాణ్ణి ‘ఇది ఎలా చేయాలి?’ అని అడగడం కంటే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అరచేతి దూరంలో ఉన్న అతనికే మెసేజ్ పెట్టడం మర్యాదగా ఉంటుంది కదా. మా హాలులో కూడా ఆ మర్యాద నిక్షేపంగా వర్ధిల్లుతున్నది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డు నడిపిన మా మేనమామ సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ విషయాలన్నీ ఆసక్తిగా విన్నారు. ఆయన షెడ్డుకు ఎడమ పక్కన లేత్ షాపు, కుడి పక్కన కమాన్లు వేసేవాళ్ళు, ఎదురుగా రేడియేటర్ మెకానిక్, సందు చివర పెయింటర్. వెల్డింగ్ కుర్రాడు కావాలంటే ఇనుప ఛాసిస్ మీద స్పానర్‌తో మూడుసార్లు కొడితే చాలు, నాలుగు షెడ్ల అవతల ఉన్నవాడు కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టుకుంటూ వచ్చేవాడు. బోల్టు మర తేడాగా ఉంటే దాన్ని అరచేతిలో పట్టుకుని గోడవతలకు వెళ్ళి, టీ చల్లారేలోగా సరిచేయించుకుని వచ్చేవారు. అలెన్ ఎవరో ఆయనకు తెలియదు గాని, ఆ వక్రరేఖ మీదే ముప్పై ఏళ్ళు బతికారు.

అంతా విని, ‘‘ఏరా అల్లుడూ, నీ పక్క సీటులో ఉండేవాడు ఏం పని చేస్తాడ్రా?’’ అని అడిగారు.

‘‘తెలియదు మామయ్యా. రోజూ మారతారు.’’

‘‘మరి వాడి పక్కన నిన్నెందుకు కూర్చోబెట్టార్రా?’’

ఆయన చదివింది ఎనిమిదో తరగతి. యాజమాన్య శాస్త్రంలోని లోతులు అందకపోవడంలో ఆయన తప్పేమీ లేదు.

యాదృచ్ఛికంగా కలుసుకున్నప్పుడే కొత్త ఆలోచనలు పుడతాయన్నది ఈ శాస్త్రంలో మరో శాఖ. కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ సంస్థ భవనం కట్టేటప్పుడు, వేర్వేరు విభాగాలవాళ్ళు తప్పనిసరిగా ఒకరికొకరు ఎదురుపడాలని, మరుగుదొడ్లన్నీ మధ్య హాలులోనే ఉండాలని స్టీవ్ జాబ్స్ మొదట పట్టుబట్టారు. సిబ్బంది మొత్తుకున్నాక కొంత తగ్గారు. మా భవనంలో ఆ బాధ్యతను లిఫ్టులు స్వీకరించాయి. ఆరింటిలో రెండు మాత్రమే నడుస్తాయి కాబట్టి ఉదయం పదింటికి అన్ని విభాగాలవాళ్ళమూ వరుసలో నిలబడి ఒకరి మెడను మరొకరు తీరికగా పరిశీలిస్తాం.

అసలైన మహిమ మాత్రం గేటు బయట టీ బండి దగ్గర ఉంది. రాత్రి రెండింటికి నడిచే మా రిపోర్టులు పన్నెండు రోజులుగా నత్తనడక నడుస్తున్నాయి. నాలుగు ఊళ్ళవాళ్ళం కలిసి ఏడు కాల్స్ పెట్టుకున్నాం, ఒక ఫిర్యాదు టికెట్ తెరిచాం, దాన్ని మూసి మరొకటి తెరిచాం. పదమూడో రోజు సాయంత్రం బండి దగ్గర ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ ఈ గోడు వెళ్ళబోసుకుంటుంటే, పక్కన నిలబడ్డ ఒకాయన, ‘‘రాత్రి రెండింటికా? ఆ టైముకే కదండీ మేం బ్యాకప్ మార్చింది’’ అన్నారు. ఆయన రెండో టవర్‌లో డేటాబేస్‌లు చూస్తారట. అంతకు ముందు మేం ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగం. బిస్కెట్టు విరిగి గ్లాసులో పడింది. మా సమస్య కూడా అక్కడే మునిగిపోయింది. మర్నాడు ఆయన బ్యాకప్‌ను నాలుగింటికి జరిపారు, మా రిపోర్టులు ఎప్పటిలా పరుగెత్తాయి.

వారాంతంలో హెచ్‌ఆర్ నుంచి మెయిల్. టీ బండి గేటు బయట ఉంది కాబట్టి, అక్కడ గడిపిన సమయం సహకారంలోకి రాదట. ఆ వారం నా సగటు సాన్నిధ్యం రోజుకు ఇరవై రెండు నిమిషాలు తగ్గిందనీ, ఇది పునరావృతమైతే మేనేజర్‌కు తెలియజేయవలసి ఉంటుందనీ హెచ్చరించారు. మేనేజర్ డల్లాస్‌లో నిద్రపోతున్నారు.

అయినా ఉద్యోగులు ఎందుకు బయటకు వెళ్తున్నారో యాజమాన్యం లోతుగా ఆలోచించకపోలేదు. గత వారం ఏడో అంతస్తులో, రంగురంగుల బస్తా కుర్చీలతో, టీ మెషీన్‌తో ‘అనుకోని కలయికల మూల’ ఒకటి ప్రారంభించారు. రద్దీని నివారించడానికి అక్కడ అనుకోకుండా కలుసుకోదలచినవారు ఇరవై నాలుగు గంటల ముందు యాప్‌లో పావుగంట చొప్పున బుక్ చేసుకోవాలి, ఎవరిని అనుకోకుండా కలుస్తారో పేరు కూడా రాయాలి. నేను గురువారం సాయంత్రం నాలుగుంబావుకు డేటాబేస్ ఆయన పేరిట బుక్ చేశాను. జవాబు వెంటనే వచ్చింది: ‘‘రెండో టవర్ కార్డుకి ఏడో అంతస్తు తలుపు తెరుచుకోవడం లేదండీ. కింద బండి దగ్గరికి వచ్చేయండి.’’