సెలక్షన్లు సరే, మ్యాచ్‌లు ఎక్కడ?

పోయిన ఏడాది మా అక్క కూతుర్ని జిల్లా బాస్కెట్‌బాల్ సెలక్షన్లకు నేనే తీసుకెళ్లాను. ఆదోనిలో తెల్లవారుజామున బస్సెక్కి కర్నూలు చేరాం. పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, ఫొటోలు ఇచ్చి వరుసలో నిలబడింది. కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి లేఅప్‌లు, అంటే పరుగెత్తుకుంటూ వచ్చి రింగు దగ్గర బంతి వేయడం, చేయించారు. తర్వాత అయిదుగురు చొప్పున రెండు జట్లు చేసి పది నిమిషాలు ఆడించారు. ఆ పది నిమిషాల్లో బంతి మా పాప చేతికి నాలుగుసార్లు వచ్చింది. సాయంత్రం పన్నెండు పేర్లు చదివారు, అందులో తన పేరు లేదు. తిరుగు బస్సులో "మళ్లీ ఎప్పుడు మామా?" అని అడిగింది. వచ్చే ఏడాది అన్నాను. "అంతవరకు యాడ ఆడేది?" అంది. నాకు నోట మాట రాలేదు.

మన దేశంలో ఈ ఆటను నడిపే తీరులోనే ఆ ప్రశ్నకు చోటు లేదు. పైన అంతర్జాతీయ సమాఖ్య ఫిబా ఉంటుంది. దేశానికి ఒక్క సంస్థనే అది గుర్తిస్తుంది. మనకది 1950లో ఏర్పడిన భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య. దాని కింద రాష్ట్ర సంఘాలు, వాటితో సమానంగా రైల్వేస్, సైన్యానికి చెందిన సర్వీసెస్ లాంటి జట్లు, రాష్ట్రం కింద జిల్లా సంఘాలు ఉంటాయి. జాతీయ పోటీలకు పైన తేదీ పడితే రాష్ట్రం జట్టును పంపాలి. అందుకోసం రాష్ట్ర పోటీలు పెట్టాలి, వాటికోసం జిల్లా జట్టును ఎంచాలి. పైనుంచి కబురొస్తేనే కింద కదలిక. కబురు లేని నెలల్లో జిల్లాలో పోటీ మ్యాచ్ అనేదే అరుదు. స్కూల్ గేమ్స్ సమాఖ్య ఎంపికలు వేరు, యూనివర్సిటీల పోటీలు వేరు. ఒకే పిల్ల మూడు వరుసల్లో నిలబడాలి, మూడు చోట్లా జరిగేది ఎంపికే.

ఎంపిక పోటీలు నాకౌట్ పద్ధతిలో జరిగితే పరిస్థితి ఇంకా అన్యాయం. పదహారు జట్లు వస్తే ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతాయి. నలభై నిమిషాల ఆటకోసం రానుపోను రెండు వందల కిలోమీటర్లు.

అయినా పిల్లలెందుకు వస్తున్నారు? ఆట మీద ప్రేమ ఉంది, నిజమే. దాంతోపాటు సర్టిఫికెట్ ఆశ కూడా ఉంది. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో ఫారం-1 నుంచి ఫారం-4 దాకా నాలుగు రకాల సర్టిఫికెట్లున్నాయి. దేశానికి ఆడితే జాతీయ సమాఖ్య, రాష్ట్రానికి ఆడితే రాష్ట్ర సంఘం సంతకం పెడతాయి. పేదింటి పిల్లకు ఆ సంతకం అన్నం పెడుతుంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఒక సంఘానికి ఉన్న పలుకుబడి అంతా ఆ సంతకంలోనే ఉంటే, ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడించావని దాన్ని అడిగేవాళ్లెవరు?

ఇంకో దారి ఉందా అంటే స్పెయిన్ వైపు చూడొచ్చు. మన పక్కనున్న అనంతపురానికి స్పెయిన్ కొత్త కాదు. బార్సిలోనా నుంచి వచ్చిన ఫాదర్ ఫెర్రర్ 1969లో అక్కడ పని మొదలుపెట్టారు. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు నడాల్ పేరిట ఉన్న ఫౌండేషన్ టెన్నిస్ బడి 2010లో తెరుచుకుంది. ఆ స్పెయిన్ జనాభా దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంతే. 2006లో, 2019లో బాస్కెట్‌బాల్ ప్రపంచ విజేత ఆ దేశం. అక్కడా ప్రాంతీయ సమాఖ్యలున్నాయి. కానీ వాటి రోజువారీ పని లీగులు నడపడం. పిల్ల ఒక క్లబ్బులో పేరు నమోదు చేసుకుంటుంది, సీజన్ పొడవునా వారాంతాల్లో మ్యాచ్ ఆడుతుంది. ఎంపిక చేసేవాళ్లు ఆ మ్యాచ్‌లకు వెళ్లి చూస్తారు. స్పెయిన్‌కున్న డబ్బు మనకు లేదు, ఒప్పుకుంటాను. కానీ శనివారం సాయంత్రం ఒక కోర్టులో రెండు జట్లను దింపడానికి స్పెయిన్ అంత డబ్బు అక్కర్లేదు.

సమాఖ్య మాట కింది దాకా ఎలా చేరుతుందో ఒక కోర్టు చూస్తే తెలుస్తుంది. మా ప్రాంతంలోని ఒక కాలేజీలో సిమెంటు కోర్టు ఉంది. బోర్డు కింద గీసిన గడి ఇప్పటికీ ట్రెపీజియమే, పైన సన్నగా, కింద వెడల్పుగా. ఫిబా దాన్ని 2010లోనే 4.9 మీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రంగా మార్చింది. మూడు పాయింట్ల గీతను కూడా 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిపింది. ఈ కోర్టులో పాత గీత మీదే రంగు మీద రంగు వేస్తున్నారు. ఇక్కడ అసలు దూరం కంటే అరమీటరు దగ్గరగా నిలబడి వేసి మూడు పాయింట్లు అనుకున్న పిల్ల రాష్ట్ర పోటీకి వెళ్తే రిఫరీ రెండే ఇస్తాడు. అరమీటరు చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ మణికట్టుకు అలవాటైన దూరం ఒక్క రోజులో మారదు. నిబంధన మారిందని కాగితం వచ్చే ఉంటుంది. కోర్టు దాకా వచ్చి టేపు పట్టి కొలిచిన మనిషే లేడు.

పైస్థాయిలో మాత్రం కదలికకు కొదవ లేదు. 2015లో జాతీయ సమాఖ్యలో రెండు వర్గాలు విడివిడిగా ఎన్నికలు జరుపుకుంటే, చివరికి ఫిబా ఒక వర్గాన్నే గుర్తించింది. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. కార్యవర్గంలో క్రీడాకారులు, మహిళలు ఉండాలంది, వివాదాలకు ట్రిబ్యునల్ పెట్టింది. మంచి చట్టమే, స్వాగతిస్తున్నాను. అయితే జిల్లాలో ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు జరగాలన్నది దాని పరిధిలోని మాట కాదు. అది సమాఖ్యే తన నిబంధనల్లో రాసుకోవాలి: లీగు నడపని జిల్లా సంఘానికి రాష్ట్ర పోటీలో చోటు లేదని, ఓటూ లేదని. ఓటు పోతుందంటే లీగు దానంతటదే మొదలవుతుంది.

మనలో ఆట లేదనేవాళ్లకు 2014 గుర్తుచేస్తాను. వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మనవాళ్లు చైనాను వాళ్ల గడ్డ మీదే ఓడించారు.

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి ఎనిమిది జట్లు దొరకవా? ఒక్కో జట్టు మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడితే పద్నాలుగు మ్యాచ్‌లు. విజిల్ పట్టడానికి, స్కోరుషీటు రాయడానికి పాత ఆటగాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, పిలిస్తే వస్తారు. పీఈటీ సార్లు ఆదివారం కూడా గ్రౌండ్లోనే కనిపిస్తున్నారు. జిల్లా సంఘం చేయాల్సింది జూన్‌లో బడులు తెరిచేలోపు మ్యాచ్‌ల పట్టిక వేసి ప్రతి హైస్కూలు నోటీసు బోర్డుకు పంపడం. ఆ పట్టికలో ఆదోని పేరున్న శనివారాలు ఏవో మా పాపకు చూపిస్తాను.