ఫైన్ వేస్తే నీళ్లు మిగుల్తాయన్న మా అపార్ట్‌మెంట్ మేధావికి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఒక అన్న ఉన్నాడు, మన అనంతపురం సైడే, మంచోడే, కానీ యూట్యూబ్‌లో గేమ్ థియరీ (ఎదుటోడి ఎత్తు ఊహించి మన ఎత్తు వేసే లెక్కల శాస్త్రం) వీడియోలు చూసి చూసి మనుషుల్ని మనుషుల్లా చూడ్డం మానేశాడు. ఆటోవాడు, ఇంటి ఓనరు, ఆఫీసులో హెచ్‌ఆర్, ఆఖరికి వదిన కూడా ఆయనకి ప్లేయరే. మొన్న ఆదివారం కింద టీ తాగుతూ ఆయనే ఒక ఆట పెట్టాడు. తలా ఒక నంబర్ రాయాలి, 0 నుంచి 100 లోపు, అందరి సగటులో మూడింట రెండొంతులకి ఎవరిది దగ్గరగా ఉంటే వాళ్లు గెలిచినట్టు. తొమ్మిది మందిమి రాశాం. అన్న సున్నా రాశాడు. లెక్క ప్రకారం అదే కరెక్టు, ఎందుకంటే అందరూ 100 రాసినా మూడింట రెండొంతులు 67 దాటదు, కాబట్టి బుర్ర ఉన్నోడెవడూ 67 దాటి రాయడు, అది తెలిసినోడు 45 దాటి రాయడు, అలా దిగుతా దిగుతా సున్నా దగ్గరే ఆగాలి, నాష్ ఈక్విలిబ్రియం అంటే అదే, మిగతావాళ్లు మారకపోతే ఎవడికీ తన ఎత్తు మార్చుకుంటే లాభం లేని చోటు.

మా సగటు 35 వచ్చింది. మూడింట రెండొంతులంటే 23 చిల్లర. గెలిచింది 22 రాసిన పక్క ఫ్లాట్ పాప, ఇంకా కాలేజీకి కూడా పోలేదు. ఎట్లా రాశావమ్మా అంటే "అంకుల్ వాళ్లు యాభై అనుకుని కొంచెం తగ్గిస్తారు, నేను ఇంకొంచెం తగ్గించా" అంది. అన్న మాత్రం మీరంతా ఇర్రేషనల్ అని మమ్మల్నే తిట్టి పైకెళ్లిపోయాడు! అన్నా, ఇదే ఆటని రోజ్‌మేరీ నాగెల్ అనే ఆర్థికవేత్త ల్యాబ్‌లో ఆడించి 1995లో పేపర్ రాసింది, అక్కడా మొదటి రౌండ్ సగటు 37 దగ్గరే వచ్చింది. ఎదుటోళ్లు ఎంత దూరం ఆలోచిస్తారో కనుక్కోడమే ఆ ఆట, నువ్వెంత దూరం ఆలోచించగలవో చూపించుకోడం కాదు.

ఇదంతా టీ దగ్గర ఆగిపోయుంటే ఈ పోస్ట్ రాసేవాణ్ణి కాదు. ఈయన అసోసియేషన్ కమిటీలో కూడా ఉన్నాడు, అదీ నా బాధ.

2024 వేసవి బెంగళూరులో ఉన్నోళ్లకి చెప్పక్కర్లేదు. బోర్లు ఎండిపోయినయ్, ఉప ముఖ్యమంత్రే మా ఇంట్లో బోరు కూడా ఎండిందన్నాడు, 12 వేల లీటర్ల ట్యాంకర్ 5 కిలోమీటర్ల లోపైతే 1000 రూపాయలే తీసుకోవాలని రేటు కట్టారు గానీ ఆ రేటుకి వస్తానన్న ట్యాంకర్ మాకైతే ఒక్కటీ దొరకలేదు. మావి 36 ఫ్లాట్లు, సంప్ ఒకటే, ఫ్లాట్‌కి మీటర్ లేదు, ట్యాంకర్ ఖర్చు అందరికీ సమానం. అంటే నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని రూపాయి నీళ్లు మిగిలిస్తే నాకు మిగిలేది మూడు పైసలు కూడా కాదు. చిన్నప్పుడు విన్న కథే ఇది, రాజుగారు రాత్రికి తలా ఒక చెంబు పాలు తొట్టిలో పొయ్యండంటే, అందరూ పాలే పోస్తారు కదా నా చెంబుడు నీళ్లు ఎవడికి తెలుస్తాయిలే అని ఊరంతా నీళ్లే పోసింది చూడండి, అది. ఎవడి లాభం వాడు చూసుకుంటే అందరూ నష్టపోయే ఈ చిక్కునే గేమ్ థియరీలో ఖైదీల ఆట (ప్రిజనర్స్ డైలమా) అంటారు, దాన్ని 1950లో అమెరికావాళ్లు కనిపెట్టారంటారు గానీ మా అవ్వకి ముందే తెలుసు.

మరి అన్న ఏం చేశాడు? పైపు పెట్టి కారు కడిగితే 300 ఫైన్ అన్నాడు. ఎక్సెల్ షీట్ కూడా వేశాడు. ఖర్చు పెరిగితే జనం తగ్గుతారు, సింపుల్ అంట.

అంతకుముందు కార్లు కడిగేవాళ్లు నలుగురే, అదీ తెల్లారగట్ల ఐదింటికి, వాచ్‌మన్ కూడా లేవకముందు, దొంగల్లా. ఫైన్ పెట్టాక ఆదివారం పదింటికి పాటలు పెట్టుకుని మరీ కడగడం మొదలెట్టారు. అడిగితే "300 కట్టాం కదండీ". సిగ్గు పోయి బిల్లు వచ్చింది అంతే. నెల తిరక్కుండా ఫైన్ ఎత్తేశారు, అయినా సిగ్గు మాత్రం తిరిగి రాలా. ఇది కూడా కొత్తేం కాదు, ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లో పది డేకేర్లు తీసుకుని, పిల్లల్ని లేటుగా తీసుకెళ్లే అమ్మానాన్నలకి వాటిలో ఆరు చోట్ల ఫైన్ పెట్టి చూస్తే లేటుగా వచ్చేవాళ్లు దాదాపు రెట్టింపయ్యారు, ఫైన్ తీసేసినా మళ్లీ తగ్గలేదు. గ్నీజీ, రుస్తికీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో రాశారు. ఎవడన్నా ఆ ఒక్కటి చదివుంటే మా సంప్ బతికిపోయేది.

బెంగళూరు జలమండలి కూడా 2024 మార్చిలో తాగే నీళ్లతో కారు కడిగితే 5000 అంది, అది వేరే కథ, 5000 అంటే బిల్లులా అనిపించదు, దెబ్బలా అనిపిస్తుంది.

చివరికి మా దగ్గర కార్ల గోల ఆపింది మూడో ఫ్లోర్ పిన్నిగారు. కుర్చీ వేసుకుని పార్కింగ్‌లో కూచుని "ఏం బాబూ, మా ఇంట్లో పొద్దున్నుంచి చుక్క నీళ్లు లేవు, నీ కారుకి వస్తున్నాయా" అని ఒక్కొక్కణ్ణీ అడిగింది. రేపు లిఫ్ట్‌లో మళ్లీ ఆవిడ మొహం చూడాలి కదా. అన్న షీట్‌లో ఆ లిఫ్ట్‌కి కాలమ్ లేదు.

నేను గేమ్ థియరీని తిట్టట్లేదు, నాకు ఇష్టమే. ఎవరికెంత లాభమో వేసే టేబుల్‌లో ఎదుటోడి అంకెలు కూడా మనమే రాసేసి వాడు తప్పు ఆడాడంటారు చూడండి, దానికి మండుతుంది. ఒకరోజు సాయంత్రం మారతహళ్లిలో సిల్క్ బోర్డ్‌కి ఆటోవాడు 350 అడిగితే ఈయన 250 ఫైనల్ అన్నాడు, వాడు ఖాళీగా వెళ్లిపోయాడు. "చూశావా, సున్నా కంటే 250 ఎక్కువ కదా, మొండోడు" అంట! అన్నా, ఆ టైములో ఆ రోడ్డు మీద గంటన్నర నిలబడితే వాడికి రెండు చిన్న బేరాలు పోతాయి, అక్కణ్ణించి వెనక్కి సవారీ దొరక్కపోతే గ్యాసూ పోతుంది. వాడు లెక్కేసే వెళ్లాడు. లెక్క రానిది నీకు.

ఇప్పుడు కొత్తగా టిట్ ఫర్ టాట్ (ఎదుటోడు ఏం చేస్తే తిరిగి అదే చెయ్యడం) పట్టుకున్నాడు, ట్యాంకర్ ఓనర్‌కి బుద్ధి చెప్తాడంట. ఆక్సెల్‌రాడ్ అనే అమెరికా ప్రొఫెసర్ ఈ ఖైదీల ఆట మీద పెట్టిన కంప్యూటర్ ప్రోగ్రాముల పోటీల్లో రెండు సార్లూ అదే గెలిచింది, నిజమే, కానీ అది మొదటి ఎత్తు ఎప్పుడూ మంచిగానే వేస్తుంది, దెబ్బకి దెబ్బ తర్వాత సంగతి. ఈయన మొదటి ఫోన్‌లోనే వాణ్ణి దొంగ అన్నాడు.

నిన్న రాత్రి గ్రూప్‌లో జనరేటర్ డీజిల్ మీద ఇంకో ఎక్సెల్ షీట్ వచ్చింది. నేనింకా ఓపెన్ చెయ్యలేదు.