నంబరు చూపించుకుంటే కన్ను చూపించుకున్నట్టు కాదు

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. చీటీల మీద అంకెలు మసగ్గా కనపడుతుంటే చత్వారమే అనుకుని బ్రాడీపేటలో ఒక అద్దాల షాపులో ఫ్రీ కంప్యూటర్ టెస్ట్ చేయించుకుని కళ్ళజోడు తెచ్చుకున్నాడు, ఆర్నెల్లు తిరిగేసరికి మళ్ళీ మసకే. పిన్ని పోరు పడలేక ఈసారి విజయవాడలో కంటి డాక్టర్ దగ్గరికెళ్తే ఆవిడ చుక్కలేసి అరగంట కూర్చోబెట్టి, లోపల చూసి అడిగిన మొదటి మాట "షుగర్ ఎన్నేళ్ళ నుంచండీ?" అని. ఈయనేమో నాకు షుగరే లేదమ్మా అంటాడు. ఆ సాయంత్రం రక్తం టెస్ట్‌లో 290.

కొయ్యకుండా, గొట్టం దూర్చకుండా ఒంటి లోపలి రక్తనాళాలు నేరుగా కనపడే చోటు రెటీనా, అంటే కంటి వెనకుండే పొర. షుగరైతే అక్కడి సన్న నాళాలు బుడిపెల్లా ఉబ్బి రక్తం కారుతుంది, బీపీ అయితే నాళాలు ఇరుకవుతాయి, తలలో ప్రెషర్ పెరిగితే కంటి నరం మొదలు దగ్గర వాస్తుంది. షాపులో మిషన్‌కి ఇవేం పట్టవు, దాని పని పవర్ చెప్పడం వరకే. షాపువాళ్ళని అనడానికేం లేదు, నంబరు వచ్చింది కదా కన్ను బాగానే ఉందిలే అనుకునేది మనం. ఐసీఎంఆర్ 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, వాళ్ళలో బాబాయిలాగా ఆ సంగతే తెలీనివాళ్ళు తక్కువేం కాదు.

ఇక పళ్ళంటే మనకి నొప్పొచ్చాకే గుర్తొస్తాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని ఒక నమ్మకం (మా ఇంట్లోనూ ఉంది), నిజానికి అలా కదిలే పళ్ళకి కింద ఎముక ముందే అరిగిపోయి ఉంటుంది, అప్పటిదాకా గార అడ్డం ఉంది కాబట్టి తెలీలేదంతే. చిగుళ్ళ జబ్బుకీ షుగర్‌కీ లంకె రెండువైపులా ఉంది, షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు బాగు చేయించుకుంటే మూడు నెలల షుగర్ రీడింగ్ కాస్త దిగుతుంది. చిగుళ్ళ వల్లే గుండెపోటొస్తుందని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం నేను ఒప్పుకోను, రెండూ ఒకే మనిషిలో ఎక్కువగా కనపడతాయన్నది నిజం, ఒకటి రెండోదానికి కారణమని తేలలేదు. గుట్కా, వక్క నమిలేవాళ్ళకి నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకోకపోతే, బుగ్గ లోపల తెల్లమచ్చ ఉంటే పళ్ళ డాక్టర్ అక్కడే ఆగిపోతాడు, క్యాన్సర్‌కి ముందు దశ కావచ్చు కాబట్టి. పొగాకు బోర్డు హెడ్డాఫీసున్న గుంటూరు మాది, మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకు అసలు మంట ఎక్కడంటే, విజయవాడ సూర్యారావుపేటలో ఒకే వీధిలో పళ్ళు, కళ్ళు, షుగర్ డాక్టర్ల బోర్డులు పక్కపక్కనే ఉంటాయి కానీ ఒకరి చీటీ ఆ మెట్లు దిగి పక్క మెట్లెక్కదు. చిగుళ్ళు ఇలా ఉన్నాయి ఒకసారి షుగర్ చూపించుకోండి అని ఒక్క లైను రాస్తే ఏం పోతుంది? షుగర్ డాక్టర్లయినా ఏడాదికోసారి రెటీనా చూపించారా అని అడగాలి కదా, కొందరు అడుగుతారు, చాలామందికి తీరికుండదు.

బాబాయికి లేజర్ చేశారు. మొన్న చెకప్‌కి మళ్ళీ చుక్కలేశారు, మూడు గంటలు ఎండ చూడలేక తిప్పలు పడ్డాడు, బండి నేనే నడిపాను. కృష్ణ మీది వారధి దాటేదాకా ఆ పాత కళ్ళజోడు డబ్బులు తిరిగిస్తారేమో అడగమని ఒకటే గొడవ.