ముందు సభ, తరవాత సంతకం

కొండ మీద ఒక సన్నటి ఇనుప స్తంభం లేస్తుంది. దాని కొసన మూడు గిన్నెలు గాలికి గిరగిరా తిరుగుతుంటాయి. గాలివేగాన్ని కొలిచే మాస్టు అది. అన్ని రుతువులూ కలిసొచ్చేలా కనీసం ఏడాది పాటు లెక్కలు పోగుచేసుకున్నాకే కంపెనీ ఊరి ముందుకు ప్రతిపాదనతో వస్తుంది. అప్పటికి కొండవాలులో భూములున్నవారు చాలామంది ఆప్షన్ ఒప్పందాల మీద, అంటే భూమిని తరవాత లీజుకు తీసుకునే హక్కును కంపెనీకి ముందే ఇచ్చే పత్రాల మీద, సంతకాలు పెట్టేసి ఉంటారు. షరతులు బయటికి చెప్పరాదన్న నిబంధన వాటిలో తరచూ ఉంటుంది. పక్క భూమివాళ్లు సంతకం పెట్టారా లేదా, ఎంతకు పెట్టారు అన్న అనుమానమే ఊరికి మొదట చేరే సమాచారం. చిన్న ఊళ్లలో గాలిమరల గొడవకు వేరు ఆ దాపరికంలోనే ఉంది.

భూమి అద్దె అందేది కొద్దిమందికి. చప్పుడు, నీడ, రాత్రివేళ ఎర్రదీపాలు మాత్రం కొండ కింద కాపురం ఉండే అందరికీ. ఈ రెండు వర్గాలూ మొదటిసారి ఎదురుపడేది ప్రజాభిప్రాయ సేకరణ సభలో అయితే అక్కడ వాదన తప్ప చర్చ జరగదు. పవన విద్యుత్తు పెరగాలనే మేము కోరుకుంటున్నాం. బొగ్గు మంటను తగ్గించే దారుల్లో ఇది చవకైనది, త్వరగా కట్టగలిగినది. అందుకే గట్టిగా చెబుతున్నాం: లీజుల మీద సంతకాలు పడకముందే ఊరి సభ జరగాలి, కంపెనీ నోటిమాటగా ఇచ్చే ప్రతి హామీ అనుమతి పత్రంలో కొలవదగిన అంకెగా మారాలి.

‘ఇంకెక్కడైనా పెట్టుకోండి’ అనడం తేలికే. కానీ గాలిలోని శక్తి దాని వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలి 7 మీటర్లయితే శక్తి 60 శాతం దాకా ఎక్కువవుతుంది. కొండ శిఖరాన్ని వదిలి లోయలోకి దిగమంటే కంపెనీ ఎందుకు ఒప్పుకోదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. అలాగే కంపెనీ కరపత్రంలోని లెక్కనూ ఊరు సరిచూసుకోవాలి. టర్బైన్ సాధారణంగా సెకనుకు 3 మీటర్ల గాలికి కదులుతుంది, 12 దగ్గర పూర్తి సామర్థ్యం అందుకుంటుంది, 25 దాటితే తనను తాను ఆపేసుకుంటుంది. 3 మెగావాట్ల యంత్రం ఏడాది సగటున 30 శాతం సామర్థ్యంతో నడిస్తే సుమారు 79 లక్షల యూనిట్లు వస్తాయి. ‘ఇన్ని వేల ఇళ్లకు వెలుగు’ అని రాసినప్పుడు ఈ శాతం ఎంత వేసుకున్నారో, మాస్టు లెక్కల్లో అది ఎంత తేలిందో అడగాలి.

అసలు పేచీ చప్పుడు దగ్గర. పెద్ద టర్బైన్ ధ్వని శక్తి 105 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. 500 మీటర్ల దూరం వచ్చేసరికి అది 40 దరిదాపులకు దిగుతుంది. దూరం రెట్టింపైతే మరో 6 తగ్గుతుంది. అంతే దూరంలో ఇంకో టర్బైన్ చేరితే 3 పెరుగుతుంది, మొత్తం పదైతే 10. ఫ్రిజ్ చప్పుడంతే కదా అని కంపెనీ ప్రతినిధులు అనేది ఈ అంకెలను బట్టే. అందులో అబద్ధం లేదు, కానీ నిజమంతా లేదు. ఫ్రిజ్ ఒకే శ్రుతిలో మోగుతుంది. నిమిషానికి 15 చుట్లు తిరిగే మూడు రెక్కల మర నిమిషానికి 45 సార్లు హుష్షుమంటుంది. లయబద్ధంగా హెచ్చుతగ్గులయ్యే శబ్దాన్ని చెవి పక్కకు నెట్టలేదు.

రెండో సంగతి రాత్రిది. పగలు ఎండకు నేల వేడెక్కి కింది గాలీ పై గాలీ కలగలిసిపోతాయి. నిర్మలమైన రాత్రి నేల చల్లబడి కింద ఆకు కదలదు, వంద మీటర్ల పైన మాత్రం గాలి బలంగా వీస్తూనే ఉంటుంది. మర జోరుగా తిరుగుతుంటుంది, ఆ చప్పుడును కప్పే ఆకుల గలగల మాత్రం ఇంటి దగ్గర ఉండదు. పగటిపూట కొండెక్కించి ‘వినండి, ఏమైనా వినిపిస్తోందా’ అని చూపించే పర్యటనలకు అందుకే విలువ లేదు.

కాబట్టి నిర్మాణానికి ముందే ఊరి సహజ నిశ్శబ్దాన్ని కొలిచి పెట్టుకోవాలి. దగ్గరి ఇళ్ల ఆవరణల్లో మైకులు పెట్టి, కనీసం రెండు వారాలు, పది నిమిషాలకొక లెక్క చొప్పున, అదే సమయంలో టర్బైన్ ఇరుసు ఎత్తున గాలివేగంతో జతచేసి నమోదు చేయాలి. వాన పడిన గంటలను తీసేయాలి. తప్పు ఎక్కువగా జరిగేది మైకు ఎక్కడ పెట్టారన్న దగ్గరే. బ్రిటన్ పద్ధతిలో గాలి వీచేటప్పటి హద్దు నేపథ్య ధ్వని (మర లేనప్పుడు ఊళ్లో ఉండే చప్పుడు) మీద 5 డెసిబెల్స్. వాగు పక్కనో, గలగలలాడే చెట్టు కిందో, కీచురాళ్లు హోరెత్తే నెలలోనో కొలిస్తే నేపథ్యం పెరిగి, దానితో పాటే కంపెనీకి అనుమతించే హద్దూ పెరుగుతుంది. జర్మనీలో హద్దు స్థిరమైన అంకె: రాత్రిపూట నివాసప్రాంతాల్లో 40, మిశ్రమ ప్రాంతాల్లో 45. చిన్న ఊరికి మా సలహా స్థిరమైన అంకే. దాని మీద వాదులాటకు చోటు తక్కువ.

ఫిర్యాదు వస్తే ఏం చేయాలో కూడా ముందే రాసుకోవాలి. మరను నడిపి ఒకసారి, ఆపి ఒకసారి కొలిస్తే తప్ప ఏ శబ్దం ఎవరిదో తేలదు. ఆపే అధికారం ఊరి పాలకమండలికి లేకపోతే ఆ పరీక్ష ఎన్నటికీ జరగదు. టర్బైన్ పది నిమిషాలకోసారి దాచుకునే వేగం, దిశ, ఉత్పత్తి లెక్కలు ఊరికి ఇవ్వాలి. హద్దు దాటితే రెక్క అంచులకు రంపపు పళ్లలాంటి పట్టీలు అమర్చవచ్చు, రాత్రిపూట వేగం తగ్గించి నడపవచ్చు. వేగం తగ్గితే కొంత ఉత్పత్తి పోతుంది. ఆ నష్టం తనదేనని కంపెనీ ముందే ఒప్పుకోవాలి.

వ్యతిరేకుల వాదనలోనూ ఒకటి సరిదిద్దాలి. గాలిమరల వల్ల రకరకాల జబ్బులొస్తాయన్న ప్రచారానికి బలమైన ఆధారం లేదు. కెనడా ఆరోగ్య శాఖ 2014లో వెలువరించిన అధ్యయనంలో 46 డెసిబెల్స్ వరకు చప్పుడుకూ, నిద్రలేమికీ, జబ్బులకూ సంబంధం కనబడలేదు. చప్పుడు పెరిగిన కొద్దీ చిరాకు పెరిగిందని మాత్రం స్పష్టంగా తేలింది. ఆ చిరాకే చాలు హద్దు అడగడానికి. లేని జబ్బులను ముందుపెడితే ఉన్న ఫిర్యాదు కూడా చులకనవుతుంది.

ఇళ్లకు ఇంత దూరంలో ఉండాలన్న నిబంధన ఒక్కటే అన్నింటినీ తీర్చదు. డెన్మార్క్‌లో రెక్క కొస దాకా ఉన్న మొత్తం ఎత్తుకు నాలుగు రెట్ల దూరం తప్పనిసరి. 150 మీటర్ల మరకు 600 మీటర్లు. పోలండ్ 2016లో పది రెట్లన్న చట్టం తెచ్చింది, నేలమీద కొత్త ప్రాజెక్టులు దాదాపు నిలిచిపోయాయి, 2023లో దాన్ని 700 మీటర్లకు సవరించుకోవలసి వచ్చింది. తిరిగే రెక్కల నీడ కిటికీల మీద పడే సమస్యకు దూరం కంటే మంచి మందు ఉంది. ఏ ఇంటి మీద ఏ రోజు ఎన్ని నిమిషాలు పడుతుందో ముందే గణించవచ్చు. జర్మనీ హద్దు ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు. అది దాటబోతే మర దానంతటదే ఆగేలా సెన్సర్లు పెడతారు.

సభల్లో ఎవరూ సరిగా అడగనిది దారుల గురించి. 60 మీటర్లు దాటిన రెక్క ఒక్క ముక్కగా రావాలి. మలుపుల్లో చెట్లు కొట్టాలి, స్తంభాలు జరపాలి, తూములు బలపరచాలి. ఒక్కో పునాదికి 600 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుందనుకుంటే, 6 ఘనపు మీటర్లు మోసే మిక్సర్ లారీ వంద సార్లు ఊరి మీదుగా వెళ్లి వంద సార్లు తిరిగి రావాలి. అదీ ఏకబిగిన. మధ్యలో ఆపితే ముందు పోసిన పొర గట్టిపడి తరవాతి పొరతో అతుక్కోదు, పునాదిలో అతుకు మిగిలిపోతుంది. అందుకే పోత తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగుతుంది. ఆ తేదీలు ఊరికి వారం ముందే చెప్పాలి. తొలి లారీ రాకముందే దారి పొడవునా ప్రతి తూమునూ, ప్రతి గోడ పగులునూ వీడియో తీసి ఇరుపక్షాలూ సంతకం చేయాలి. లేకుంటే ఆ పగులు పాతదో కొత్తదో నిరూపించలేక ఇంటివాళ్లే నష్టపోతారు.

నీళ్ల సంగతి ఇంతకంటే ముఖ్యం. కొండను తొలిచి దారి వేస్తే వాలంతా పరుచుకుని ఇంకే వాననీరు పక్క కాలువలో చేరి ఒకేచోట దూకుతుంది. మట్టి కోసుకుపోతుంది, ఊటలు బురద పారతాయి, కొన్ని చోట్ల పక్కకు తప్పుకుంటాయి. దారికి అడ్డంగా తరచుగా తూములు, ప్రతి తూము కింద మట్టి ఆపే గుంటలు ఉంటే చాలావరకు నివారించవచ్చు. పనికి ఏడాది ముందు నుంచి ఊటల ధార, నీటి తేటదనం నెలనెలా కొలిచి ఉంచితేనే తరవాత అడిగే హక్కు నిలుస్తుంది.

గబ్బిలాలు మరల వల్ల చనిపోయే విషయంలో పరిష్కారం చవకైనది. అవి తిరిగే కాలంలో, గాలి తక్కువ ఉన్న రాత్రుళ్లు, మర తిరగడం మొదలుపెట్టే గాలివేగాన్ని సెకనుకు 5 మీటర్లకు పెంచితే మరణాలు సగానికి సగం, కొన్నిచోట్ల అంతకు మించి తగ్గాయి. పోయే ఉత్పత్తి స్వల్పం. గద్దల దారిలో మరలు నాటితే మాత్రం దిద్దుబాటు కష్టం. మరలకు తగిలి గద్దలు చనిపోతూ వచ్చిన కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కనుమ దశాబ్దాలుగా ఆ పాఠం చెబుతోంది.

ఇక డబ్బు. డెన్మార్క్‌లో 2009 నాటి చట్టం కనీసం 20 శాతం వాటాలను ముందుగా 4.5 కిలోమీటర్ల లోపు నివాసులకు అమ్మజూపాలంది. ఆస్తి విలువ 1 శాతానికి మించి పడిపోతే పరిహారం ఇవ్వాలంది. అదే దేశంలోని సామ్సో దీవిలో మరలు చాలావరకు రైతులవి, స్థానికుల సహకార సంఘాలవి, ఊరి పాలకమండలివి. అక్కడ చప్పుడు వినేవాళ్లూ లాభం పంచుకునేవాళ్లూ ఒకరే.

క్రమం తప్పితే ఏమవుతుందో నార్వేలోని ఫోసెన్ చూపించింది. అక్కడి రెండు గాలిమరల క్షేత్రాల అనుమతులు రెయిన్‌డీర్‌లను మేపుకునే సామీ ఆదివాసుల హక్కులకు విరుద్ధమని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే 151 మరలు నిలబడి తిరుగుతున్నాయి. తీర్పు గెలిచినవారు రెండేళ్ల తరవాత కూడా వీధుల్లో బైఠాయించవలసి వచ్చింది.

చివరగా, పాతికేళ్ల తరవాతి సంగతి. క్షేత్రాన్ని కట్టేది సాధారణంగా ఆ ఒక్క పని కోసమే పుట్టిన చిన్న కంపెనీ; మరలు తప్ప దానికి వేరే ఆస్తి ఉండదు, కొన్నేళ్లకే చేతులు మారడమూ మామూలే. టవర్ ఉక్కుకూ, రాగికీ కొనేవాళ్లుంటారు. గాజునారను రెసిన్‌తో గట్టిపరిచిన రెక్కను కరిగించి మళ్లీ వాడుకోలేరు. ఒప్పందాల్లో పునాదిని మీటరు లోతు వరకే తొలగిస్తామని రాస్తారు. నాగలికి అది చాలు, చెట్టు వేళ్లకు చాలదు. విప్పే ఖర్చుకు బ్యాంకు గ్యారంటీని తొలి కాంక్రీటు పడకముందే తీసుకోవాలి. తుక్కు అమ్మితే వచ్చేదాన్ని అందులో మినహాయించకూడదు, మొత్తాన్ని ఐదేళ్లకోసారి తిరిగి లెక్కగట్టాలి. కంపెనీ చేతులు మారినప్పుడు కొత్త యజమాని పేరుతో కొత్త గ్యారంటీ చేరేదాకా పాతదాన్ని విడుదల చేయకూడదు.